బ్లీచింగ్ వేస్తున్నా విరేచనాలు ఆగట్లేదు. ఎక్కడ పొరబాటు జరుగుతోంది?

చంపావతి గట్టు

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా, నెల్లిమర్ల వైపు చిన్న పల్లె. వాయుగుండం వానలు వెలిశాక దిగువ వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇప్పుడు ఎగువ వీధి చివరి ఇళ్ళకీ పాకాయి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వాళ్ళు శిబిరం పెట్టారు, ఆశా కార్యకర్త ఇంటింటికీ ఓఆర్‌ఎస్ ఇస్తున్నారు. మంచినీళ్ళ పని చూసే కుర్రాళ్ళం మేం కొందరం ఉన్నాం. మా వైపు లెక్క సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

బోరు నీళ్ళు ఎక్కే 40 వేల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. పొద్దున గంట, సాయంత్రం గంట కుళాయిలు వదులుతాం. దిగువ వీధిలో పాత నుయ్యి ఉంది: అడ్డం 3 మీటర్లు, ఇప్పుడు 4 మీటర్ల లోతున నీళ్ళున్నాయి. నూతిలో రోజూ దోసెడు బ్లీచింగ్ పౌడరు చల్లుతున్నాం, ట్యాంకులో అంచనాగా ఒక డబ్బా వేస్తున్నాం. కాలువ గట్లన్నిటి మీదా పొడి చల్లాం.

అడగాల్సినవి: నూతికి, ట్యాంకుకి అసలు ఎంత వెయ్యాలి? ఒకే బిందె నీళ్ళు తాగిన ఇంట్లో ఇద్దరు పడిపోతే మిగతా ముగ్గురికి ఏమీ కాలేదు, ఎందుకని? కొందరికి గంజిలాంటి నీళ్ళ విరేచనాలు, జ్వరం లేదు. ఇద్దరు పిల్లలకి జ్వరం, రక్తం, జిగట. రెండూ ఒకటే రోగమా? బాగున్నవాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా విరేచనాల మాత్రలు వేసుకుంటే మంచిదని ఊళ్ళో అంటున్నారు, నిజమేనా?

వాల్వు గుంట

నీళ్ళ సంగతి నేను చెప్తాను. ఒంటి సంగతి డాక్టర్లు ఎవరైనా చెప్తారు.

ముందు ఒక మాట. కాలువ గట్ల వెంట ముగ్గు వేసినట్టు చల్లే తెల్లపొడి వల్ల కుళాయి నీరు శుభ్రపడదు. రోగం వచ్చేది గట్టు మీద నుంచి కాదు, గొంతులోకి దిగే నీటి నుంచి. ఉన్న పౌడరు ఆ నీటికి వాడండి.

నూతి లెక్క. అడ్డం మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. నీటి లోతుతో గుణించండి. 3.14తో గుణించి 4తో భాగించండి. వచ్చినదాన్ని 1000తో గుణిస్తే లీటర్లు. మీ నూతికి 3 × 3 × 4 × 3.14 ÷ 4 = 28.26, అంటే సుమారు 28 వేల లీటర్లు.

కట్ట విప్పని మంచి బ్లీచింగ్ పౌడరులో పని చేసే క్లోరిన్ 30 శాతం పైచిలుకు ఉంటుంది. అలాంటిది 1000 లీటర్లకి 2.5 గ్రాములు వేస్తే లీటరుకి 0.7 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. తేట నీటికి మామూలు రోజుల్లో అది చాలు. ఆ లెక్కన మీ నూతికి 70 గ్రాములు. కానీ వానల తర్వాత నూతి నీళ్ళలో మట్టీ ఆకుచెత్తా కలుస్తాయి, క్లోరిన్‌లో చాలాభాగాన్ని అవే తినేస్తాయి. రోగం తిరుగుతున్నప్పుడు 1000 లీటర్లకి 5 గ్రాములతో, అంటే 140 గ్రాములతో మొదలుపెట్టండి. గంట ఆగి నీటిలో మిగిలిన క్లోరిన్ పరీక్ష చెయ్యండి, పద్ధతి కింద చెప్తాను. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల కంటే తక్కువ చూపిస్తే ఇంకొంచెం వెయ్యండి. దోసెడు అనే కొలత వదిలెయ్యండి. ఒకరి దోసెడు ఇంకొకరి దోసెడు కాదు. పైగా సంచి మూతి విప్పి తేమలో పెట్టిన పౌడరు వారాల్లోనే బలం కోల్పోతుంది. ముక్కు అదిరేంత ఘాటు లేకుండా గడ్డ కట్టిన పౌడరులో మిగిలేది చాలావరకు సున్నమే. తూకానికి కిరాణా కొట్టు త్రాసు చాలు.

వేసే పద్ధతిలోనూ తప్పు జరుగుతోంది. పొడిని నేరుగా నూతిలో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్టులో తూచిన పౌడరు వేసి, కొద్దిగా నీళ్ళు పోసి ఉండలు లేకుండా ముద్దలా కలపాలి. ఒక బకెట్టుకి 100 గ్రాములు మించకూడదు, కాబట్టి మీ 140 గ్రాములు రెండు బకెట్లలో కలపాలి. ఇంకా నీళ్ళు పోసి ముప్పాతిక దాకా నింపి బాగా తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వేరే బకెట్టులోకి వంచుకుని, తాడు కట్టి నూతిలోకి దించండి. బకెట్టు నీటి మట్టం కిందకి వెళ్ళాక పైకీ కిందకీ, అటూ ఇటూ బాగా ఆడించండి. అడుగున మిగిలిన సున్నం నూతిలో పోస్తే నీటి కాఠిన్యం పెరగడం తప్ప లాభం లేదు. గంట సేపు ఎవరూ తోడకూడదు. రాత్రి తోడుకోవడాలు అయ్యాక వేస్తే తెల్లారేసరికి క్లోరిన్‌కి కావలసినంత సమయం దొరుకుతుంది. నూతిలో ఊట వస్తూనే ఉంటుంది, జనం తోడుతూనే ఉంటారు కాబట్టి నిన్నటి మందు ఈరోజుకి మిగలదు. రోగం తగ్గేదాకా రోజూ వెయ్యాల్సిందే.

ట్యాంకుకి ఇదే లెక్క. 40 వేల లీటర్లకి 2.5 గ్రాముల చొప్పున 100 గ్రాములు, రెట్టింపు మోతాదు అయితే 200. లోతు బోరు నీళ్ళు తేటగా ఉంటాయి కాబట్టి 120 గ్రాముల దగ్గర మొదలుపెట్టి పరీక్షని బట్టి పెంచుకోవచ్చు. ట్యాంకు నిండుతుండగా పైనుంచి పోస్తే దానంతట అదే కలుస్తుంది. నిండిన అరగంట వరకు వాల్వు తిప్పొద్దు.

ఇప్పుడు అసలు విషయం. ట్యాంకులో ఎంత వేశారన్నది కాదు, చివరి కుళాయిలో ఎంత మిగిలిందన్నది చూడాలి. క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్ డబ్బా పంచాయతీలోనో ఆరోగ్య ఉపకేంద్రంలోనో దొరుకుతుంది. గాజు గొట్టంలో గీత దాకా కుళాయి నీళ్ళు పట్టి, డబ్బా మీద రాసినన్ని చుక్కలు ఆర్థోటాలిడిన్ అనే ద్రావకం వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. ఆ రంగుని పక్కనున్న రంగు గాజులతో సరిపోల్చాలి. వేసిన వెంటనే, పది సెకన్లలోపు కనిపించిన రంగే లెక్క. పావుగంట ఆగి చూస్తే మురికితో కలిసిపోయి బలహీనపడిన క్లోరిన్ కూడా రంగు చూపించి మోసం చేస్తుంది. ఆ ద్రావకం విషం, పరీక్షించిన నీళ్ళు మళ్ళీ బిందెలో పొయ్యకండి. మన దేశపు తాగునీటి ప్రమాణంలో కనీసం 0.2 ఉండాలని ఉంది. వైరస్‌ల నుంచి కూడా రక్షణ కావాలంటే కనీసం 0.5. మీ ఊళ్ళో ఇప్పుడు చివరి కుళాయిలో 0.5 పడేదాకా ఊరుకోవద్దు. వాసన వస్తోందని జనం గొడవ చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకునే గరిష్ఠం లీటరుకి 5 మిల్లీగ్రాములు. మీరు వేసేది దాని దరిదాపుల్లోకి కూడా రాదు. బిందె మీద పల్చటి గుడ్డ కట్టి గాలి తగిలేలా కాసేపు ఉంచితే వాసన పోతుందని చెప్పండి.

పౌడరు కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ, చేతులకి తొడుగులు ఉండాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో పొరపాటున కూడా కలపొద్దు. వెంటనే విషవాయువు లేస్తుంది.

వార్డు డ్యూటీ

ఒకే బిందె తాగి ఇద్దరే ఎందుకు పడ్డారన్నది మంచి ప్రశ్న. ఒంట్లోకి ఎన్ని క్రిములు వెళ్ళాయి, లోపలి కాపలా వాటిలో ఎన్నింటిని ఆపింది అనే లెక్క మీద ఇది ఆధారపడుతుంది.

మొదటి కాపలా పొట్టలోని ఆమ్లం. కలరా క్రిమికి ఆమ్లం అస్సలు గిట్టదు. ఆమ్లం సరిగ్గా ఊరే ఆరోగ్యవంతుడికి రోగం రావాలంటే కోట్ల సంఖ్యలో క్రిములు మింగాలి. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవారికి, తిండిలేక నీరసించినవారికి ఆ ఆమ్లం పల్చబడి ఉంటుంది కాబట్టి అన్ని క్రిముల్లో చిన్న భాగం చాలు. రక్త విరేచనాలు తెచ్చే షిగెల్లా వేరే రకం. ఆమ్లాన్ని తట్టుకుంటుంది, పది నుంచి వంద క్రిములు లోపలికి వెళ్తే చాలు. అందుకే కలరా ఎక్కువగా నీళ్ళ ద్వారా ఊరంతా ఒక్కసారి లేస్తుంది, షిగెల్లా చేతి నుంచి చేతికి, ఇంటి నుంచి ఇంటికి పాకుతుంది. పిల్లాడికి కడిగిన చెయ్యి సబ్బుతో తోముకోకుండా అన్నం కలిపితే ఆ వంద క్రిములు ఇట్టే అందుతాయి.

ఆమ్లం దాటినవి పేగు చేరాక అక్కడ జిగురు పొర ఉంటుంది. దాని మీద మనతో పాటే బతికే మంచి సూక్ష్మజీవులు చోటంతా ఆక్రమించి ఉంటాయి. ఇంతకుముందు ఆ క్రిమి తగిలినవారికి పేగు జిగురులో ఐజీఏ అనే యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి, అవి క్రిమిని పట్టుకుని గోడకి అంటకుండా చేస్తాయి. మీరు చెప్పిన ఇంట్లో నిలబడ్డ ముగ్గురూ ఈ మూడిట్లో ఏదో ఒక దాని వల్ల నిలబడ్డారు. వాళ్ళు కూడా క్రిములు మింగి మలంలో వదులుతూ ఉండవచ్చు. రోగం లేదు కదా అని చేతులు కడగడం మానకూడదు.

మీరు చూసిన రెండు రకాలు ఒకటే రోగం కాకపోవచ్చు. గంజినీళ్ళలా పోతూ జ్వరం లేకపోతే క్రిమి పేగు గోడలోకి చొరబడలేదన్నమాట. గోడని అంటుకుని విషం వదులుతుంది. ఈ విషాన్ని కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కుందేళ్ళ పేగు మీద ప్రయోగాలతో చూపించారు. ఆ విషం పేగు కణాల్లో ఉప్పు బయటికి పోయే దారిని తెరిచి మూయకుండా చేస్తుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్ళకి గంటకి లీటరు దాకా పోవచ్చు. రక్తం, జిగట, జ్వరం ఉంటే క్రిమి గోడలోకి దిగింది. తెల్లకణాలు గంటల్లోనే అక్కడికి పరుగెత్తి పోరాడుతున్నాయి. ఆ జిగటలో ఉండేవి చాలావరకు అవే. జ్వరం కూడా ఆ పోరాటంలో భాగమే. రక్తం పడిన పిల్లలిద్దరినీ ఇంటి వైద్యం మీద ఉంచకండి, డాక్టరుకి చూపించాలి. వాళ్ళకి యాంటీబయాటిక్ అవసరం పడుతుంది.

శరీరం కొత్త క్రిమికి సరిపడే యాంటీబాడీలు తయారు చేసుకోవడానికి సుమారు వారం పడుతుంది. నీరు కారిపోయి మనిషి చనిపోవడానికి ఒక్కోసారి ఒక్క పూట చాలు. ఈ రెండిటి మధ్య ఉన్న తేడాని దాటించేది ఓఆర్‌ఎస్. పేగు లోపలి పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తాయి. విషం పట్టిన కణాలూ అలాగే రాలిపోతాయి. అప్పటిదాకా పోయినంత నీరు, ఉప్పు తిరిగి ఇస్తే చాలు, మిగతాది శరీరం చూసుకుంటుంది.

విరేచనాలు అవుతుండగా తాగింది ఎలా ఒంటపడుతుందని అడుగుతారు. విషం ఉప్పు బయటికి పోయే దారిని చెడగొట్టింది, కానీ గ్లూకోజుతో జత కట్టి సోడియం లోపలికి వచ్చే దారిని ముట్టుకోలేదు. అందుకే ఉప్పు ఒక్కటే ఇచ్చినా, పంచదార ఒక్కటే ఇచ్చినా పని చెయ్యదు, రెండూ సరైన పాళ్ళలో ఉండాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే దిలీప్ మహలనబిస్ బృందం ఈ ద్రావణాన్ని డ్రమ్ముల్లో కలిపి తాగించింది. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి పడిపోయాయి. ఇప్పటి పొట్లంలో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి. పెద్ద పొట్లం మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం, అర గ్లాసు లాంటి అంచనాలు వద్దు. చిక్కగా కలిపితే పిల్లల రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ రావచ్చు. కలిపినది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. మెడికల్ షాపుల్లో జ్యూసు డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మేవాటిలో పంచదార చాలా ఎక్కువ. అది నీటిని పేగులోకే లాగి విరేచనాలు పెంచుతుంది. ఈ ప్రమాణం లేని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. పాత సరుకు ఇంకా అరల్లో కనిపించవచ్చు, పొట్లమే అడిగి తీసుకోండి.

బాగున్నవాళ్ళు మాత్రలు వేసుకోవడం వద్దే వద్దు. యాంటీబయాటిక్ అయితే పేగులో కాపలా కాసే మంచి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, మందుకి లొంగని క్రిముల్ని ఊళ్ళో పెంచుతుంది. విరేచనాలు కట్టేసే మాత్ర చిన్నపిల్లలకి ప్రమాదం, రక్తం పడుతున్నవారికి ఇంకా ప్రమాదం. క్రిమి బయటికి పోకుండా లోపలే నిలిచిపోతుంది.

చంపావతి గట్టు

సార్, మీ ఇద్దరికీ చాలా రుణపడి ఉన్నాం. నూతికి చెప్పినట్టే తూచి వేశాం, గంటకి 0.5 పైన వచ్చింది. ట్యాంకు కింద కుళాయిలో 1.0 చూపిస్తోంది. కానీ ఎగువ వీధి చివరి కుళాయిల్లో పసుపు అస్సలు తిరగట్లేదు. ఇంకా పౌడరు పెంచమంటారా?

ఇంకొకటి, మా వీధిలో షుగరు, బీపీ ఉన్న పెద్దావిడ ఓఆర్‌ఎస్ తాగడానికి భయపడుతున్నారు. అందులో పంచదార, ఉప్పు ఉన్నాయి కదా అని.

వాల్వు గుంట

పెంచొద్దు తమ్ముడూ. 1.0 బయల్దేరి చివరికి సున్నా అయిందంటే దారిలో మురికి కలుస్తోంది. మీ ఎగువ వీధి కేసులకి కారణం దొరికినట్టే.

నీళ్ళు వదిలిన పావుగంటకి ట్యాంకు నుంచి ఒక్కొక్క మలుపు దగ్గర పరీక్ష చేసుకుంటూ వెళ్ళండి. ఎక్కడిదాకా 0.7, 0.8 ఉండి ఒక్కసారిగా పడిపోతుందో, ఆ రెండు కుళాయిల మధ్యే రంధ్రం. ముందు చూడాల్సినవి: పైపు మురుగుకాలువని దాటే చోటు, నీళ్ళు నిలిచిన వాల్వు గుంటలు, రోడ్డు తవ్వకాల్లో దెబ్బతిని సైకిల్ ట్యూబు చుట్టిన జాయింట్లు.

మీకు రోజుకి రెండు గంటలే సరఫరా. మిగతా 22 గంటలు పైపు ఖాళీగా ఉంటుంది. వాల్వు కట్టగానే పైపులో నీరు పల్లానికి జారుతూ వెనక గాలిని లాగుతుంది. గాలి దొరకని చోట పగులు చుట్టూ నిలిచిన కాలువ నీటిని లాగుతుంది. కొందరు కుళాయికి నేరుగా మోటారు తగిలిస్తారు, అప్పుడు నీళ్ళు వస్తున్నంతసేపూ ఈ పీల్చుడు జరుగుతూనే ఉంటుంది. ఆ మోటార్లు తీయించండి. ఎగువ వీధిలో నీళ్ళు అందక కుళాయి దగ్గర గుంట తవ్వి, కిందికి పైపు ముక్క వేలాడదీసి బిందె పెట్టుకుంటారు కదా. ఆ గుంటలో వాననీళ్ళు నిండితే పైపు ముక్క అందులో మునుగుతుంది, సరఫరా ఆగిన మరుక్షణం గుంట నీరు లైనులోకి ఎక్కుతుంది. ఎగువ వీధికి నా మొదటి అనుమానం ఇదే. గుంటలు పూడ్పించి, కుళాయి మూతి నేల నుంచి రెండడుగులన్నా పైకి ఉండేలా బిగించండి.

బాగు చేసేదాకా ఆ కొమ్మ లైను వాల్వు కట్టేసి, ఆ ఇళ్ళకి ట్యాంకరు నీళ్ళు ఇవ్వండి. ట్యాంకరులోనూ క్లోరిన్ వేసి పరీక్ష చెయ్యాలి. మరమ్మతు అయ్యాక లైను మొత్తం ఎక్కువ మోతాదు క్లోరిన్ నీళ్ళతో నింపి రాత్రంతా ఉంచి, పొద్దున చివరి కుళాయిలన్నీ తిప్పి వదిలెయ్యాలి. ఆ నీళ్ళు తాగొద్దని ముందే దండోరా వెయ్యండి. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్ల మండలంలో అతిసారం లేచినప్పుడు పైపులు, ట్యాంకులు కడిగారు. ఆ పని ఒక్కసారి చేసి ఆపేస్తే లాభం లేదు. వారానికోసారి చివరి కుళాయి రీడింగు తేదీతో సహా పుస్తకంలో రాయండి.

వార్డు డ్యూటీ

పెద్దావిడకి చెప్పండి బాబూ: లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు కూల్‌డ్రింకులో ఉండే పంచదార ముందు చాలా తక్కువ. అందులో ఉప్పు కొత్తగా ఎక్కించేది కాదు, విరేచనాల్లో పోయినదాన్ని భర్తీ చేసేది. ఒంట్లో నీరు తగ్గితే షుగరు ఉన్నవాళ్ళకి మూత్రపిండాలు ముందుగా దెబ్బతింటాయి. ఆమె తాగాల్సిందే. గుండె లేదా కిడ్నీ జబ్బుకి నీళ్ళు కొలిచి తాగమని చెప్పినవారు మాత్రం డాక్టరు పర్యవేక్షణలో తాగాలి. విరేచనాలు అవుతున్న రోజుల్లో షుగరు మాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే బీపీ మాత్రలు కొనసాగించాలా ఆపాలా అని శిబిరంలో ఈరోజే అడగండి, రేపటిదాకా ఆగొద్దు.

ల్యాబు బెంచీ

సాంపిల్ సంగతి ఎవరూ చెప్పలేదు. క్రిమి ఏదో తేలకపోతే మిగతాదంతా ఊహే.

మలం సాంపిల్ యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడకముందే తియ్యాలి. ఐదారుగురు కొత్త రోగుల నుంచి తీస్తే సరిపోతుంది. క్రిమి చావకుండా కాపాడే క్యారీ బ్లెయిర్ అనే మాధ్యమం ఉన్న గొట్టంలో పెట్టి జిల్లా ల్యాబుకి పంపుతారు. పీహెచ్‌సీలో అడగండి. మాధ్యమం లేకుండా ఉత్త డబ్బాలో ఎండలో తిరిగిన సాంపిల్‌లో కలరా క్రిమి బతకదు, రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది.

నీటి సాంపిల్‌కి ల్యాబు ఇచ్చే శుద్ధి చేసిన సీసానే వాడాలి. క్లోరిన్ వేసిన నీటికైతే అందులో క్లోరిన్‌ని విరిచే థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే దారిలో క్లోరిన్ తన పని తాను చేసుకుపోయి, ల్యాబుకి చేరేసరికి నీరు శుభ్రంగా కనిపిస్తుంది. పట్టేముందు కుళాయి మూతి తుడిచి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి, సీసా లోపల వేలు తగలకుండా పట్టండి. మంచు పెట్టెలో వీలైతే ఆరు గంటల్లో చేర్చాలి. ఊళ్ళోనే చూసుకోవడానికి హెచ్‌టూఎస్ సీసాలు ఉంటాయి. గీత దాకా నీళ్ళు నింపి గది వేడిలో ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లగా మారిన సీసాలోని నీరు మలంతో కలుషితమైనట్టే. నల్లబడకపోతే మంచి నీరని పూచీ ఇవ్వలేం, వైరస్‌లు ఈ పరీక్షలో పట్టుబడవు.

నీరు శుభ్రం చేసిన మర్నాడే కేసులు ఆగలేదని కంగారుపడకండి. నిన్నటిదాకా మింగిన క్రిములు ఇంకా పొదుగుతుంటాయి. కలరాకి గంటల నుంచి ఐదు రోజులు, షిగెల్లాకి ఒకటి నుంచి మూడు రోజులు, టైఫాయిడ్‌కి ఒకటి నుంచి మూడు వారాలు. ఐదు రోజులు దాటాక కూడా నీళ్ళ విరేచనాలు కొత్త ఇళ్ళలో వస్తుంటే ఇంకో చోట లీకు ఉందనో, చేతుల ద్వారా పాకుతోందనో అనుకోవాలి. ఇళ్ళ పటం గీసి, ఏ ఇంట్లో ఏ తేదీన మొదలైందో, వాళ్ళు తాగేది నూతిదా కుళాయిదా రాసిపెట్టండి. ఆ కాగితం ఒక్కటి పది ఊహల కంటే ఎక్కువ చెప్తుంది.

ఉపకేంద్రం అక్క

ఇంటి లోపలి సంగతులు కొన్ని.

రెండేళ్ళ లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., రెండు నుంచి పదేళ్ళ వాళ్ళకి 100 నుంచి 200, ఆపై వాళ్ళకి దాహం తీరినంత ఓఆర్‌ఎస్. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. అప్పటికే నీరసించి కళ్ళు గుంటలు పడ్డ పిల్లలకి కిలోకి 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో పట్టాలి, అంటే 10 కిలోల పిల్లకి 750. ఇది శిబిరంలో మా కళ్ళముందు చేయించాలి. జింకు మాత్ర ఆరు నెలలు దాటినవాళ్ళకి రోజుకి 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి 10, మొత్తం 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే ఆగినా మాత్ర ఆపొద్దు, పేగు పొర బాగుపడటానికి అది కావాలి. తల్లిపాలు మానకూడదు, అన్నం మానకూడదు.

పొట్లం చేతికి అందేలోపు లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చదును చెంచాల పంచదార, అర చదును చెంచా ఉప్పు కలపండి. గుప్పెడు, చిటికెడు కొలతలు వద్దు. ఉప్పు వేసిన పల్చటి గంజి కూడా మంచిదే.

మన వైపు చోడి (రాగి) అంబలి, తరవాణి (పులిసిన అన్నం నీళ్ళు) మానమని చెప్పను. పులిసిన అంబలిలో పుల్లదనం క్రిముల్ని పెరగనివ్వదు. పొద్దున దాన్ని పల్చన చెయ్యడానికి పోసే పచ్చి నీళ్ళతోనే ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్ళు పోసుకుంటే చాలు. మజ్జిగకీ ఇదే. కాచడమంటే వేడి చెయ్యడం కాదు, నీళ్ళు బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీద ఉంచాలి. బిందెలో చెయ్యి, చెంబు ముంచితే కాచినదంతా వృథా. పిడి పొడుగున్న గరిటెతో తీసుకోవాలి, లేదా బిందె వంచుకోవాలి.

రోగి బట్టలు నూతి గట్టు మీద, చెరువు దగ్గర, గెడ్డలో ఉతకొద్దు. లీటరు నీటికి 33 గ్రాముల మంచి బ్లీచింగ్ కలిపితే ఒక శాతం ద్రావణం అవుతుంది. వాంతి, మలం పడ్డ చోట అది పోసి పది నిమిషాలు ఆగి కడగాలి. చేతులకి ఆ ద్రావణం వాడొద్దు, సబ్బే వాడాలి.

కోలుకున్నవాళ్ళు కూడా కొన్నాళ్ళు క్రిముల్ని వదులుతూ ఉంటారు, షిగెల్లా అయితే మందు పడకపోతే నాలుగు వారాల దాకా. విజయనగరంలో పైడితల్లి సిరిమాను, ఊళ్ళలో గ్రామదేవతల పండగలు, పెళ్ళిళ్ళు వస్తుంటాయి. మొన్ననే కోలుకున్న మనిషిని భోజనాల వంటకి, పానకం కలపడానికి పిలవకండి. వాళ్ళు కూడా చెప్పడానికి మొహమాటపడకూడదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

కడుపు మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే వెనక్కి వెళ్ళకపోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, పిల్ల మగతగా ఉండి తాగలేకపోయినా, ఆగకుండా వాంతులవుతున్నా ఓఆర్‌ఎస్ పడుతూనే 108కి ఫోను చెయ్యండి.

పసిపిల్లలకి 6, 10, 14 వారాలకి వేసే రోటా చుక్కలు మన రాష్ట్రంలో 2016 నుంచి ఉచితంగా వేస్తున్నారు. తప్పిపోయినవాళ్ళుంటే ఈ గడబిడలో మర్చిపోకుండా టీకా కార్డు తీసి చూడండి.

ఇంకొక మాట గర్భిణుల గురించి. మురుగు కలిసిన నీళ్ళ వల్ల వచ్చే హెపటైటిస్-ఇ అనే కామెర్లు రెండు వారాల నుంచి రెండు నెలల తర్వాత బయటపడవచ్చు. ఆఖరి నెలల్లో ఉన్నవాళ్ళకి అది ప్రాణాంతకం. విరేచనాలు తగ్గిపోయాయని అందరూ మర్చిపోయాక వస్తుంది. మీ రెండు వీధుల్లో ఉన్న గర్భిణుల పేర్లు ఇప్పుడే రాసుకుని, రెండు నెలల పాటు వాళ్ళకి కాచిన నీళ్ళే ఇప్పించండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, తిండి సహించకపోయినా పసరు మందు అంటూ ఆగకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.